మొదటి ఊసరవెల్లికి ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గుణుపురం, డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. విశాఖలో తెలిసినవాళ్ల దగ్గర వెయిల్డ్ ఊసరవెల్లి పిల్లలున్నాయి, ఒకటి ఇస్తామంటున్నారు. ఇంట్లో చేపలు పెంచిన పాత గాజు తొట్టె ఖాళీగా ఉంది, అది సరిపోతుందా? ఇంకా ఏమేం కొనాలి, రోజూ ఏం చెయ్యాలి, మా ఊరి ఎండలకి అది బతుకుతుందా? అమ్మేమో ఇంట్లో ఊసరవెల్లి అరిష్టం అంటోంది.

జవాబు: తమ్ముడూ, గాజు తొట్టె మాత్రం వద్దు. నాలుగు పక్కలా మూసుకుపోయిన తొట్టెలో గాలి ఆడదు, తేమ పట్టి ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది, పైగా గాజులో తన నీడ కనిపిస్తే ఇంకో ఊసరవెల్లి వచ్చి కూర్చుందనుకుని రోజంతా టెన్షన్‌తో ఉంటుంది. ఇది ఒంటరి జంతువు, తోడు కోరదు. అందుకే రెండోదాన్ని తెచ్చి పక్కన పెట్టే ఆలోచన కూడా ఎప్పుడూ చెయ్యకు.

ఇల్లు తర్వాత, ముందు కాగితాల సంగతి చూడు. వెయిల్డ్ ఊసరవెల్లి యెమెన్, సౌదీ నైరుతి కొండల జంతువు, అరుదైన జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం జాబితాలో ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం అలాంటి విదేశీ జంతువు ఎవరి దగ్గరున్నా నమోదు చేయించాలి, దానికి 2024లో నియమాలు కూడా వచ్చాయి, కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్‌లో దరఖాస్తు పెట్టాలి. ఇచ్చేవాళ్లు ఆంధ్రలో, నువ్వు ఒడిశాలో, కాబట్టి వాళ్ల పేరున నమోదు ఉందా, నీ పేరుకు ఎలా మారుతుంది అన్నది జంతువును ముట్టుకోక ముందే తేల్చుకో. కాగితం లేదు, తర్వాత చూద్దాం అన్నారంటే వదిలెయ్యి. ఇంకొక జాగ్రత్త: మన చెట్ల మీద ఉండే ఊసరవెల్లినే పట్టి, ఫామ్‌లో పుట్టిందని చెప్పి అమ్మేవాళ్లుంటారు. పెద్దదైన వెయిల్డ్‌కి తల మీద ఎత్తైన కిరీటంలా ఉంటుంది, మనదానికి అంత ఎత్తు ఉండదు. పిల్లల్లో ఈ తేడా సరిగా తెలియదు, అందుకే తల్లిదండ్రుల్ని చూపించమని అడుగు. మూడు నెలలు నిండని పిల్లని తీసుకోకు, మొదటిసారి కాబట్టి మగదాన్నే అడుగు. మగపిల్లకి వెనక కాలి మడమ దగ్గర చిన్న ముల్లులాంటిది పుట్టినప్పటి నుంచే ఉంటుంది. ఆడది మగతోడు లేకున్నా గుడ్లు పెడుతుంది, తవ్వుకోవడానికి లోతైన తడి ఇసుక దొరక్కపోతే గుడ్లు లోపలే ఉండిపోయి చచ్చిపోతుంది, అది కొత్తవాళ్లు మోసే బరువు కాదు.

ఇక బోను. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, అన్ని వైపులా జాలీ. మీ ఊళ్లో కిటికీలకి అల్యూమినియం ఫ్రేములు చేసేవాళ్లుంటే కొలతలిచ్చి చేయించుకోవచ్చు, జాలీ అంచులు గోళ్లకి గుచ్చుకోకుండా చూడు. బోనుని బల్ల మీద పెట్టు, అది కూర్చునే కొమ్మ నీ కళ్లకంటే పైన ఉండాలి, ఎందుకంటే పైనుంచి వచ్చేదేదైనా దానికి గద్దే. లోపల జామ, చింత కొమ్మలు, సన్నవీ లావువీ కలిపి, అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి కట్టు. కుండీల్లో మందార, మనీప్లాంట్ పెట్టు, దాక్కోవడానికి ఆకు చాటు కావాలి, ఈ వెయిల్డ్‌లు మందారాకు కొరుక్కు తింటాయి కూడా. గన్నేరు, ఉమ్మెత్త దగ్గరికి కూడా రానివ్వకు. నర్సరీ మొక్కకి మందు కొట్టి ఉంటుంది, ఆకులు బాగా కడిగి, మట్టి మార్చి, కొన్ని వారాలు బయట ఉంచాకే లోపల పెట్టు. అడుగున ఇసుకా కంకరా ఏమీ వెయ్యకు, ఖాళీగా ఉంటే శుభ్రం చెయ్యడం తేలిక.

డబ్బు ఎక్కడైనా తగ్గించుకో గానీ దీపం దగ్గర తగ్గించుకోవద్దు. మామూలు బల్బు వెలుతురు ఇస్తుంది, యూవీబీ అనే, ఎండలో ఉండే కంటికి కనిపించని కిరణాన్ని ఇవ్వదు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో కూడా యూవీబీ దాదాపు ఉండదు. ఆ కిరణం లేకపోతే చర్మంలో విటమిన్ డీ3 తయారవదు, డీ3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, కొన్నాళ్లకి కాళ్లు వంకరపోతాయి, దవడ మెత్తబడుతుంది, నాలుక బయటికి విసరలేకపోతుంది. ఒకసారి వంగిన ఎముక మళ్లీ తిన్నగా రాదు. పాకే జంతువుల కోసం చేసిన పొడవాటి టీ5 యూవీబీ ట్యూబ్, ఆరు శాతం రకం, జాలీ పైన పెట్టి, కొమ్మ మీద కూర్చున్నప్పుడు దాని వీపు ట్యూబ్‌కి సుమారు జానెడు కిందుగా ఉండేట్టు చూడు. వెలుగుతూనే ఉన్నా ఏడాదికొకసారి మార్చాలి, యూవీబీ ముందే తగ్గిపోతుంది. పగలు పన్నెండు గంటలు దీపం, రాత్రి పూర్తి చీకటి, ఎర్ర బల్బు కూడా వద్దు. చలికాలం ఉదయపు ఎండ దొరికితే ఇంతకంటే మంచిది లేదు, జాలీ బోనుతో సహా వరండాలో పెట్టు, కానీ సగం నీడ ఉండాలి, పిల్లులు, కాకులు రాకుండా నువ్వు పక్కనే ఉండాలి.

ఇప్పుడు నీ అసలు భయం, ఎండ. చలి దేశాలవాళ్ల వీడియోలు చూసి మనవాళ్లు వేడి బల్బుల మీద బల్బులు కొంటారు. దానికి కావలసింది కొమ్మ దగ్గర 29 నుంచి 31 డిగ్రీలు, మిగతా చోట 24–27, రాత్రి ఇంకొంచెం చల్లగా. గుణుపురంలో ఏప్రిల్ వచ్చేసరికి గది లోపలే అంతకు మించి ఉంటుంది. అప్పుడు వేడి బల్బు పీకెయ్యి, ట్యూబ్ ఒక్కటి చాలు. రేకుల కింద, పడమటి గోడ పక్కన పెట్టకు, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గది దానికివ్వు. కూలర్ గాలి నేరుగా తగలకూడదు, గది చల్లబడితే చాలు. 35 దాటి గంటల తరబడి ఉంటే ప్రమాదం. ఒళ్లు పాలిపోయి నోరు తెరిచి కూర్చుందంటే వేడికి తట్టుకోలేకపోతోందని అర్థం, వెంటనే నీడకి మార్చి ఆకుల మీద సన్నగా నీళ్లు చల్లు. బోనులో వేడి ఎంతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలియదు, పైన ఒకటి, కింద ఒకటి డిజిటల్ థర్మామీటర్లు పెట్టు. ఫ్యాన్‌కి ఇన్వర్టర్ ఉండాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తర్వాత మన వైపు చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి కదా. అలాంటప్పుడు రెండు మూడు రోజులు యూవీబీ లేకపోయినా ఏమీ కాదు, చేత్తో నీళ్లు చల్లుతూ ఉండు.

నీళ్లు గిన్నెలో పెడితే తాగదు, ఆకు మీద జారే బొట్టునే చూసి నాకుతుంది. మందుల షాపులో దొరికే సెలైన్ పైపు ఒక నీళ్ల సీసాకి తగిలించి, పై ఆకు మీద నిదానంగా బొట్లు పడేట్టు పెట్టు, కింద ఒక డబ్బా ఉంచు. ఉదయం దీపం వేసే ముందు, సాయంత్రం ఆర్పాక స్ప్రే సీసాతో ఆకులన్నీ తడుపు, మధ్యలో మాత్రం పూర్తిగా ఆరాలి. వానాకాలం గాలే తడిగా ఉంటుంది కాబట్టి స్ప్రే తగ్గించు. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం పసుపు, నారింజ రంగులోకి తిరిగినా, కళ్లు లోపలికి పోయినా నీళ్లు చాలడం లేదన్నమాట.

తిండికి కీచురాళ్లు ప్రధానం, మార్పు కోసం పట్టుపురుగులు. పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. పిల్లకి రోజూ, పెద్దయ్యాక రోజు విడిచి రోజు అయిదారు చాలు. మీ జిల్లాలో పత్తి ఎక్కువ, పత్తి చేలో, వరి మడిలో మిడతల్ని పట్టి పెట్టొద్దు, వాటి మీది మందు దీన్ని చంపుతుంది, ఇంట్లో బొద్దింకలూ అంతే. కీచురాళ్లని బకెట్‌లో కోడిగుడ్ల అట్టలు వేసి నువ్వే పెంచుకోవచ్చు. వాటికి ముందురోజు మునగాకు, గుమ్మడి ముక్కలు పెట్టు, అవి తిన్నదే దీని ఒంట్లోకి వెళ్తుంది. పెట్టే ముందు డీ3 లేని కాల్షియం పొడి అద్దు, డీ3, విటమిన్లు కలిసినది నెలకి రెండుసార్లే. మిగిలిన కీచురాళ్లని రాత్రి తీసెయ్యి, నిద్రపోతున్నదాన్ని కొరుకుతాయి.

అమ్మతో వాదించకు. దీనికి విషం లేదు, అరవదు, బోను దాటి రాదు అని నెమ్మదిగా చెప్పు. కానీ నాకు అమ్మ అభ్యంతరం కంటే ఇంకొకటి పెద్దదిగా కనిపిస్తోంది. బాగా చూస్తే ఇది అయిదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది, నీ డిగ్రీ వచ్చే ఏడాదితో అయిపోతుంది. ఉద్యోగానికి హైదరాబాదో భువనేశ్వరో వెళ్తే దాని కీచురాళ్లకి మునగాకు ఎవరు వేస్తారు? ఆ జవాబు దొరికాకే విశాఖ వెళ్లు. అలాగే భువనేశ్వర్, గరివిడి పశువైద్య కళాశాలలకి ముందే ఫోన్ చేసి, ఇలాంటి జంతువుని చూసే డాక్టరు ఎక్కడున్నారో కనుక్కుని పెట్టుకో.

ప్రశ్న: మా వెయిల్డ్ ఇంట్లోకి వచ్చి కొన్ని నెలలైంది. చెయ్యి పెడితే నల్లబడి, నోరు తెరిచి బుస్సుమంటుంది. పిల్లలు భుజం మీద ఎక్కించుకోవాలని గొడవ. అలవాటు ఎలా చెయ్యాలి? (జయపురం నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, అలవాటు చెయ్యకండి. అది రంగు మార్చేది గోడకో ఆకుకో కలిసిపోవాలని కాదు, ఎక్కువగా లోపలి భయం, కోపం, వేడి, చలి వల్లే. దాని చర్మంలో సన్నటి స్ఫటికాలుంటాయి, వాటి మధ్య ఎడం మారితే రంగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చూపించారు. మీ చెయ్యి చూసి నల్లబడిందంటే వద్దని చెబుతోంది. రోజూ అలా జరిగితే తిండి మానేస్తుంది. పిల్లలకి వేరే పని ఇవ్వండి: ఉదయం స్ప్రే చెయ్యడం, దూరంగా నిలబడి అది నాలుక విసరడం చూడడం. ఆ నాలుక దాని ఒంటికంటే పొడుగు, చూసిన పిల్లలు ఎత్తుకోవడం సంగతి మర్చిపోతారు. కదలించక తప్పకపోతే పైనుంచి పట్టకుండా, ముందు ఒక కొమ్మ పెడితే తనే ఎక్కుతుంది. మీది చలి ప్రాంతం కాబట్టి డిసెంబర్, జనవరి రాత్రుల్లో గది 15 డిగ్రీల కిందికి పోతే వెలుతురు ఇవ్వని సిరామిక్ హీటర్ బోను బయట, పైన పెట్టండి.

ప్రశ్న: మా జీడితోట కంచె మీద ఊసరవెల్లి దొరికింది. మా అబ్బాయి అట్టపెట్టెలో పెట్టి పెంచుతానంటున్నాడు. పక్కింటివాళ్లు చంపెయ్యమంటున్నారు. (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండూ వద్దండీ. ఇది మన ఊసరవెల్లి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని కాపాడుతుంది, పట్టడం, ఇంట్లో ఉంచడం, చంపడం అన్నీ నేరమే. చట్టం పక్కన పెట్టినా, అడవిలో పెరిగినది అట్టపెట్టెలో తిండి ముట్టదు, నీళ్లు లేక ఎండిపోతుంది. విషం లేదు, మనిషికి హాని చెయ్యదు, మీ జీడిచెట్ల మీద పురుగుల్నే తింటుంది. ఈ రోజే, చీకటి పడకముందే, దొరికిన అదే కంచె దగ్గర గుబురుగా ఉన్న కొమ్మ మీదకి ఎక్కించండి, దూరపు అడవికి తీసుకెళ్లి వదలడం మేలు కాదు. అబ్బాయిని వెంట తీసుకెళ్లి వాడి చేతే కొమ్మ అందించండి. కాలు విరిగినా, రక్తం కనిపించినా మాత్రం వదలకండి, గాలి ఆడే బుట్టలో ఒక కొమ్మ వేసి ఉంచి, మీ రేంజ్ ఫారెస్ట్ ఆఫీసుకి కబురు చెయ్యండి. పక్కింటివాళ్లకి భయం పోవాలంటే వదిలేటప్పుడు వాళ్లనీ పిలవండి, అది కొమ్మ మీద ఊగుతూ నెమ్మదిగా వెళ్లడం దగ్గర్నుంచి చూస్తే కర్ర తీసేవాళ్లు తగ్గుతారు.