ఇంటికి మేనేజ్డ్ స్విచ్ కావాలా?

ప్రశ్న: కాకినాడలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నాం. కింద మేము, పైన అబ్బాయి, కోడలు ఉంటారు. గదికో క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించి, అన్నిటినీ మెట్ల కింద అల్మారాలోకి తెప్పించాం. రెండు టీవీలు, అబ్బాయి ఆఫీసు ల్యాప్‌టాప్, పైన ఒక వైఫై, బయట నాలుగు కెమెరాలు పెడతాం. ఈ కేబుళ్లన్నిటినీ కలిపే స్విచ్ డబ్బాల్లో, భద్రత కోసం సెట్టింగులు మార్చుకోగలిగే మేనేజ్డ్ రకం తీసుకోమని షాపులో అంటున్నారు. ధర చూస్తే టెన్షన్‌గా ఉంది. మామూలుది చాలదా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలమ్మా. ఇళ్లకు నెట్‌వర్క్ వైరింగ్ చేయడమే నా పని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: మీకు ఎనిమిది పోర్టుల (వైర్లు గుచ్చే రంధ్రాల) అన్‌మేనేజ్డ్ గిగాబిట్ స్విచ్, అంటే 1000 ఎంబీపీఎస్ వేగం వరకు ఇచ్చే మామూలు స్విచ్, సరిపోతుంది. సెట్టింగులేమీ ఉండవు. ఏ పరికరం ఏ పోర్టులో ఉందో అదే తెలుసుకుంటుంది. డబ్బా మీద 10/100/1000 అని ఉందో లేదో మాత్రం చూడండి. 10/100 అని మాత్రమే ఉంటే, మీరు 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా గదిలోకి 100 కూడా రాదు.

మేనేజ్డ్ స్విచ్‌తో వీలాన్‌లు పెట్టుకోవచ్చు. అంటే అవే వైర్ల మీద కెమెరాలను ఒక నెట్‌వర్క్‌గా, అబ్బాయి ల్యాప్‌టాప్‌ను మరో నెట్‌వర్క్‌గా విడదీయవచ్చు. మంచి సౌకర్యమే, కాదనను. కానీ స్విచ్ ఒక్కటే ఆ పని చేయలేదు, రౌటర్‌కూ వీలాన్‌లు తెలియాలి. ఇంటర్నెట్ కనెక్షన్‌తో ఇచ్చే చాలా రౌటర్లలో మనం మార్చుకునేలా ఆ సెట్టింగు ఉండదు. పైగా పాస్‌వర్డ్ మార్చడం, అప్‌డేట్లు వేయడం ఎవరో ఒకరు చూసుకోవాలి. మీ అబ్బాయికి ఆ ఆసక్తి ఉంటే, బ్రౌజర్‌లో సెట్టింగులు మార్చుకునే స్మార్ట్ స్విచ్ తీసుకోండి. దాని ధర మధ్యస్తంగా ఉంటుంది. ఆఫీసుల్లో వాడే పెద్దది ఇంటికి అనవసరం.

మీ ఇంట్లో అసలు ఆలోచించాల్సింది కెమెరాల గురించి. వెనుక పీఓఈ పోర్టులున్న ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బా) కొనండి. పీఓఈ అంటే కెమెరాలకు కరెంటు కూడా ఆ నెట్‌వర్క్ కేబుల్‌లోనే వెళుతుంది, ఒక్కోదానికి వేరే అడాప్టర్ అక్కర్లేదు. ఇలాంటి ఎన్‌వీఆర్‌లు చాలావరకు కెమెరాలకు లోపలే వేరే నెట్‌వర్క్ పెడతాయి. షాపువాళ్లు చెప్పే భద్రతలో పెద్ద భాగం అక్కడే దొరికిపోతుంది. కెమెరాల వైర్లు నేరుగా ఎన్‌వీఆర్‌లోకే వెళతాయి కాబట్టి స్విచ్‌కు ఎన్‌వీఆర్ నుంచి ఒక్క వైరు వస్తే చాలు. రౌటర్, పై వైఫై, టీవీలు, ల్యాప్‌టాప్ కలిపినా ఆరు పోర్టులే నిండుతాయి.

ఒక జాగ్రత్త. అల్మారాలో ప్రతి కేబుల్‌కూ గది పేరు రాసి అంటించండి. ఒకే వైరు రెండు కొసలూ పొరపాటున స్విచ్‌లోనే గుచ్చితే డేటా గిరగిరా తిరుగుతూ ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. మామూలు స్విచ్‌లలో చాలావాటికి దీన్ని ఆపడం రాదు.

మిగిలిన డబ్బుతో రౌటర్, ఫైబర్ డబ్బా, స్విచ్, ఎన్‌వీఆర్ నాలుగింటికీ కలిపి ఒక యూపీఎస్ పెట్టించండి. అల్మారా తలుపుకు గాలి ఆడే చిల్లులు ఉండాలని వడ్రంగికి ఇప్పుడే చెప్పండి.