ఫిన్లాండ్‌లోని టాంపెరేలో చదువుతున్న మీ అమ్మాయి గురించి

నమస్కారమండీ. డిసెంబరు చీకటికి కుంగిపోతున్న మీ అమ్మాయి, ఫిన్లాండ్ వారు గొప్పగా చెప్పుకునే ‘సిసు’, అంటే ఎంత కష్టంలోనైనా వదలని పట్టుదల, తనకు లేదనీ, ఎవరికీ చెప్పుకోకుండా ఓర్చుకోవడమే మార్గమనీ అనుకుంటోందని రాశారు. ఆ అభిప్రాయాన్ని ముందుగా పోగొట్టండి.

1939 నవంబరు 30న ఫిన్లాండ్‌పై సోవియట్ సైన్యం దండెత్తినప్పుడు 105 రోజులు ఎదురొడ్డి నిలిచిన ఆ పట్టుదలకు ప్రపంచమంతటా పేరు వచ్చిన మాట నిజమే. కానీ బాధను దిగమింగుకోవడం వల్ల వారికి సంతోషం దక్కలేదు. 1990 ప్రాంతంలో అక్కడ ఆత్మహత్యలు చాలా ఎక్కువగా ఉండేవి. 1986లో మొదలైన జాతీయ నివారణ కార్యక్రమానికి మెరుగైన చికిత్స తోడయ్యాక, ఆ రేటు సగానికి పైగా తగ్గింది. 2018 నుంచి 2025 దాకా ప్రపంచ సంతోష నివేదికలో ఏటా మొదటి స్థానంలో నిలిచిన దేశం కూడా అదే. కష్టం వస్తే ఆదుకునేవారున్నారన్న నమ్మకమే మనిషి ఓర్పును నిలబెడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

టాంపెరేలో డిసెంబరు చివర్లో పగటి వెలుగు సుమారు ఐదున్నర గంటలే ఉంటుంది కనుక, మధ్యాహ్నం మంచు పడుతున్నా కాసేపు నడవమనండి. ఆ ఊళ్లోని పిస్పాలా ప్రాంతంలో 1906 నుంచి నడుస్తున్న రాయపొర్తి సౌనాకు (ఆవిరి స్నానశాలకు) స్నేహితురాళ్లతో వెళ్లమనండి. కాలిన రాళ్లపై నీళ్లు చల్లుకుని, ఆవిరి పట్టి, ఒళ్లంతా పొగలు కక్కుతుండగా చలిలో పెరట్లో కూర్చుని మాట్లాడుకోవడం అక్కడివారికి అలవాటు. అన్నిటికన్నా ముఖ్యంగా, విద్యార్థుల ఆరోగ్య సంస్థ వైటీహెచ్‌ఎస్‌లో మానసిక ఆరోగ్య సేవలున్నాయి. ఈ వారమే వారిని సంప్రదించమని చెప్పండి.