అప్‌లోడ్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైల్ ఎలా దూరింది?

అన్నా, తిరుపతిలో మీ లాడ్జి సైట్‌లో యాత్రికులు ఆధార్ ఫోటో పెట్టే ఫోల్డర్‌లో 'ఆధార్.జేపీజీ.పీహెచ్‌పీ' అనే ఫైల్ కనబడిందన్నారు. పీహెచ్‌పీ అంటే ఫోటో కాదు, సర్వర్‌లో నడిచే కోడ్. ఇమేజ్ అయితేనే తీసుకోమని రాశానే అంటున్నారు. మీ కోడ్ చూస్తున్నది బ్రౌజర్ చెప్పిన టైప్‌ని. అది పంపేవాడి చేతిలో ఉంటుంది, ఏం కావాలంటే అది రాసి పంపుతాడు.

ఆ ఫైల్ డిలీట్ చేసి ఊరుకోవద్దు. ముందు యాక్సెస్ లాగ్‌లో (సైట్‌ని ఎవరు ఏం అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా) దాని పేరు వెతకండి. పక్కన 200 (అడిగింది సర్వర్ ఇచ్చిందనే గుర్తు) ఉంటే అది నడిచిందనే అనుకుని, డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి, ఆ ఫైల్ వచ్చిన తేదీకి ముందున్న బ్యాకప్‌తో సైట్ మళ్ళీ పెట్టండి.

అసలు మందు, అప్‌లోడ్ ఫోల్డర్‌ని పబ్లిక్ ఫోల్డర్ (బ్రౌజర్‌కి నేరుగా అందే ఫోల్డర్) బయటికి తియ్యడం. అప్పుడు ఏం వచ్చి పడినా యూఆర్‌ఎల్ కొట్టి నడపలేరు. ఫైల్ పేరు వాళ్ళది ఉంచకండి, ర్యాండమ్‌గా మీరే పెట్టండి. చివరి ఎక్స్‌టెన్షన్ జేపీజీ, పీఎన్‌జీ తప్ప ఇంకేదైనా వెనక్కి కొట్టండి. ఫోటో కొలతలు చూసే గెట్‌ఇమేజ్‌సైజ్ ఫంక్షన్ ఒక్కదాన్నే నమ్మితే చాలదు: నిజమైన ఫోటో చివర కోడ్ అతికించినా అది సరేనంటుంది. పీహెచ్‌పీలో ఫోటోల లైబ్రరీ అయిన జీడీతో ఫోటో తెరిచి కొత్తగా సేవ్ చేస్తే ఆ తోక ఊడిపోతుంది.

ఫోల్డర్‌లో కోడ్ నడవకుండా ఆపడానికి హెచ్‌టీయాక్సెస్ ఫైల్ పెట్టాను కదా అనుకోకండి, మీది ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ అన్నారు. అది ఆ ఫైల్‌ని చదవనే చదవదు.

ఇంకోటి, ఆ ఫోటోలు లాగిన్ లేకుండా తెరుచుకుంటున్నాయేమో చూడండి. నాకైతే షెల్ (ఇలా దూరి సర్వర్‌ని చేతిలోకి తీసుకునే ఫైల్) కన్నా అదే పెద్ద భయం. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడిగితే ఇంకా మంచిది.