ఉద్యమం నుంచి పంచాయతీకి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఊళ్లో తాగునీటి కోసం, బెల్టు షాపుల మూసివేత కోసం మహిళా సంఘం తరఫున కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. మండల కార్యాలయంలోనూ, కలెక్టరేట్‌లోని ప్రజావాణిలోనూ అర్జీలు ఇచ్చీ ఇచ్చీ అలసిపోయాం. ఈసారి నన్నే సర్పంచ్‌గా నిలబడమని సంఘంలోని వాళ్లు అంటున్నారు. పార్టీ అండ లేదు, చదివింది ఏడో తరగతి. నిలబడవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, తెలంగాణ

జవాబు: తప్పకుండా నిలబడవచ్చునమ్మా. 21 ఏళ్లు నిండి, ఆ గ్రామ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరుండి, చట్టం చెప్పిన అనర్హతలు ఏవీ లేకపోతే చాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చదువు నిబంధన లేదు. సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులపై జరగవు, రాష్ట్ర ఎన్నికల సంఘం తన జాబితాలోని గుర్తులను కేటాయిస్తుంది. తెరవెనుక పార్టీల బలాలు పనిచేస్తాయన్నది నిజమే అయినా, బరిలో దిగడానికి ఎవరి బి-ఫారం కోసమూ మీరు ఎదురుచూడనక్కర లేదు.

చదువు గురించి బెంగ పెట్టుకున్నారు కాబట్టి రాజస్థాన్‌కు చెందిన నౌరతీబాయి గురించి చెప్పాలి. కరువు పనుల్లో కనీస కూలి కోసం పోరాడిన దళిత కూలీ ఆమె. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1983లో కూలీలకు అనుకూలంగా తీర్పు వచ్చింది. బడికి వెళ్లని ఆమె పెద్దయ్యాక చదవడం, రాయడం నేర్చుకుని, కంప్యూటర్ కూడా పట్టుబడేలా చేసుకుని, 2010లో అజ్మీర్ జిల్లా హర్మాడా పంచాయతీకి సర్పంచ్ అయ్యారు. ఆమె పదవీకాలం ముగిసేనాటికి ఆ రాష్ట్రం సర్పంచ్ అభ్యర్థులకు ఎనిమిదో తరగతి నిబంధన పెట్టడంతో మళ్లీ పోటీ చేసే వీలే లేకపోయింది. ఆ నిబంధనను 2019లో తొలగించారు. పనిచేసి చూపించిన మనిషిని బడి సర్టిఫికెట్ లేదని గుమ్మంలోనే ఆపడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మొదలుపెట్టవలసింది నామినేషన్‌తో కాదు, పంచాయతీ లెక్కలతో. ఇన్నాళ్లూ మీరు నీళ్లు కావాలని అడిగారు. రేపు ఆ కుర్చీలో కూర్చుంటే ఏ వాడకు ముందు పైపు వేయాలో, ఏ వాడకు వచ్చే ఏడాది దాకా ఆగమని చెప్పాలో మీరే తేల్చవలసి వస్తుంది. అందుకని పంచాయతీకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, దేనికి ఖర్చు పెట్టవచ్చో ఇప్పుడే తెలుసుకోండి. ఉదాహరణకు, 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే ఖర్చు పెట్టాలని, మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలను బట్టి వాడుకోవచ్చని నిర్దేశించారు. మీ ఊరి బోరు మోటారు మరమ్మతుకు ఎన్నిసార్లు బిల్లు పెట్టారో, ఏయే తేదీల్లో పెట్టారో, ఆ తేదీల్లో కుళాయిలకు నీళ్లు వచ్చాయో లేదో ఒకచోట రాసుకుని పక్కపక్కన పెట్టి చూస్తే, ఎన్ని అర్జీలు రాసినా తేలని సంగతులు ఆ ఒక్క కాగితం మీద తేలుతాయి. రికార్డులు చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము కూడా లేదు.

గ్రామసభను వదలకండి. చాలా ఊళ్లలో అది పదిమంది సంతకాలతో ముగుస్తుంది. మీ సంఘం మొత్తంగా వెళ్లి, మీ డిమాండు తీర్మానాల పుస్తకంలోకి ఎక్కేదాకా కూర్చుని, రాసినదాన్ని బిగ్గరగా చదివించుకుని రండి. ఎన్నికల ప్రచారమంటే నా దృష్టిలో అదే.

రిజర్వేషన్ సంగతి కూడా మనసులో పెట్టుకోండి. మీ ఊరి సర్పంచ్ పదవి ఏ వర్గానికి కేటాయిస్తారన్నది ఎన్నికల ముందు గానీ ఖరారు కాదు. అది మీకు దక్కకపోతే వార్డు సభ్యురాలిగా నిలబడటానికి వెనకాడవద్దు. ఉపసర్పంచ్‌ను వార్డు సభ్యులే ఎన్నుకుంటారు, తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెక్కులపై సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకమూ ఉండాలి. చిన్నదనుకునే వార్డు పదవి నుంచి ఊరి ఖజానా దాకా దారి ఉందన్నమాట.

ఒక మాట మాత్రం ఓటర్లకు ముందే చెప్పండి. సర్పంచ్ అయినంత మాత్రాన బెల్టు షాపు మీద మీరు కేసు పెట్టలేరు, ఆ అధికారం ఎక్సైజ్, పోలీసు శాఖలది. తీర్మానం చేయగలరు, ఊరంతటినీ వెంటపెట్టుకుని ఆ శాఖల మీద ఒత్తిడి తేగలరు. చేయలేనిదాన్ని చేస్తానని చెప్పి గెలిస్తే, ఏడాది తిరగకుండానే మీ సంఘం ఆడవాళ్ల ముఖం చూడలేని పరిస్థితి వస్తుంది.

ఖర్చు విషయానికి వస్తే, తెలంగాణలో 5,000కు మించిన జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థికి రూ.2.5 లక్షలు, అంతకు తక్కువైతే రూ.1.5 లక్షలు పరిమితి. మందు, డబ్బు పంచేవాళ్లు ఈ పరిమితిని లెక్కచేయరని మీకు నాకంటే బాగా తెలుసు. వాళ్లతో పోటీపడి అప్పు చేయవద్దని బతిమాలి చెబుతున్నాను. అప్పుతో గెలిచిన సర్పంచ్ మొదటి బిల్లు నుంచే ఆ అప్పు తీర్చే దారి వెతుక్కుంటారు. పదవిని వేలం పాడి ‘ఏకగ్రీవం’ చేస్తామని పెద్దమనుషులు వస్తే, ఊరి అభివృద్ధికే కదా డబ్బు అని వాళ్లు ఎంత చెప్పినా ఒప్పుకోవద్దు.

ప్రశ్న: రోడ్డు కోసం ధర్నా చేసినప్పుడు నా మీద కేసు పెట్టారు, ఇంకా నడుస్తోంది. వార్డు సభ్యుడిగా పోటీ చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు. కేసు విచారణలో ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. శిక్ష పడితే మాత్రం ఆ నేరాన్ని, శిక్షను బట్టి అనర్హత ఉంటుంది కాబట్టి ఒకసారి న్యాయవాదిని సంప్రదించండి. నామినేషన్‌తో ఇచ్చే స్వీయ ప్రకటనలో ఆ కేసు వివరాలు దాచకుండా రాయండి. ఇంటిపన్ను, నల్లాబిల్లు బకాయిలు ఉంటే ముందే కట్టి రసీదు దగ్గర పెట్టుకోండి, పరిశీలన రోజున ప్రత్యర్థులు మొదట వెతికేది అలాంటివే. ఓడినా గెలిచినా ఖర్చుల లెక్క గడువులోగా అప్పగించాలి. అప్పగించకపోతే కొన్నేళ్లపాటు పోటీకి అనర్హులవుతారు.

ప్రశ్న: వార్డు సభ్యురాలిగా గెలిచాను. నిన్నటిదాకా నా వెనక నడిచిన సంఘంవాళ్లే ఇప్పుడు నన్ను నిలదీస్తున్నారు. బాధగా ఉంది. సంఘం నుంచి తప్పుకోవాలా?

జవాబు: మీ బాధ అర్థమవుతోంది. అయినా వాళ్లు చేస్తున్నది మీరు నేర్పిన పనే. సభ్యత్వం వదులుకోవద్దు, నాయకత్వం మాత్రం మరొకరికి అప్పగించండి. అర్జీ ఇచ్చే చెయ్యి, దాన్ని అందుకునే చెయ్యి ఒకటే అయితే సంఘానికి అడిగే హక్కు పోతుంది. పాలకవర్గ సమావేశం కాగానే ఏ తీర్మానం జరిగిందో, మీరు దేన్ని వ్యతిరేకించారో సంఘం సమావేశంలో చెప్పండి. మీ అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేయించే హక్కు మీకుంది, రాయకుండా వదిలేసిన పుస్తకం మీద సంతకం చేయకండి. ఇంట్లోవాళ్లు మీ బదులు సమావేశానికి వస్తామంటే సున్నితంగానే అయినా గట్టిగా కాదనండి. ఓటు వేసింది మీకు. తర్వాతి గ్రామసభకు మీ వార్డులో జరిగిన పనులు, ఒక్కోదానికి అయిన ఖర్చు తెల్లకాగితం మీద రాసి పంచాయతీ గోడకు అంటించండి. సంఘంవాళ్ల ప్రశ్నల్లో సగం దాంతోనే తీరతాయి, మిగతా సగం మీరు సర్పంచ్‌ను అడగవలసినవి.