న్యాయ సలహా: యూనిఫాం వేరు, అధికారం వేరు

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న పట్టణం. మా అమ్మ పదకొండేళ్లుగా మార్కెట్ వీధి మూలన తోపుడు బండి మీద పళ్లు అమ్ముతోంది. పోయిన నెల ఖాకీ దుస్తుల్లో వచ్చిన నలుగురు తాము మున్సిపాలిటీ వాళ్లమని చెప్పి బండినీ, కాటానూ, పళ్లనూ వ్యానులో వేసుకుని పోయారు. రసీదు ఇవ్వలేదు. మరునాడు నేను ఆఫీసుకు వెళ్లి అడుగుతూ ఫోనులో వీడియో తీస్తుంటే, గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు ఫోను లాక్కుని, గంటకు పైగా ఒక గదిలో కూర్చోబెట్టి, వీడియో చెరిపించాకే వదిలిపెట్టాడు. వీళ్లకు ఆ అధికారం ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీకు జరిగిన దానిని రెండు ముక్కలుగా విడదీసి చూడాలి. బండి తీసుకుపోయిన వారూ, గేటు దగ్గరి గార్డూ చట్టం దృష్టిలో ఒకే కోవకు చెందరు.

ముందు గార్డు సంగతి. మున్సిపల్ ఆఫీసుల గేట్ల దగ్గర నిలబడేవారిలో చాలామంది ప్రైవేటు ఏజెన్సీ ద్వారా వచ్చినవారే. వారికి వర్తించేది 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం. ఆ చట్టం వారికి పోలీసు అధికారాలు వేటినీ ఇవ్వలేదు. పైగా పోలీసు లేదా సైనిక దుస్తులను పోలిన యూనిఫాం వేసుకుంటే, వేసుకున్న గార్డుకూ ఏజెన్సీ యజమానికీ ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చని 21వ సెక్షన్‌లో హెచ్చరించింది. ఖాకీ కనబడగానే చేతులు కట్టుకుని నిలబడే అలవాటు మనకు తాతల నాటి నుంచి ఉంది కనుక, ఈ ఒక్క సెక్షన్ గట్టిగా అమలైనా సగం గొడవలు తగ్గుతాయని నా అభిప్రాయం.

అయితే గార్డు ఎవరినీ పట్టుకోకూడదా అంటే, మామూలు పౌరుడు పట్టుకోగలిగినంత మేరకు పట్టుకోవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, తన కళ్లెదుట నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల) నేరం రెండూ అయిన పని చేసిన వ్యక్తిని గాని, పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించిన నేరస్థుణ్ణి గాని ఎవరైనా పట్టుకుని, అనవసర ఆలస్యం లేకుండా, ఆరు గంటలు మించకుండా పోలీసులకు అప్పగించవచ్చు. ఆరు గంటల గడువు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో లేదు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో చేర్చారు. మీరు వీడియో తీయడం అటువంటి నేరం కాదు. కాబట్టి మిమ్మల్ని గదిలో కూర్చోబెట్టడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 127వ సెక్షన్ చెప్పే అక్రమ నిర్బంధం కిందికి వస్తుంది; దానికి ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నేరానికి సంబంధించినదన్న అనుమానంతో ఒక వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద పోలీసు అధికారిది, గార్డుది కాదు. ఇక వీడియోను అక్కడికక్కడే చెరిపించే అధికారం పోలీసులకే లేనప్పుడు గార్డుకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆవరణలో వీడియో తీయవద్దని గాని, బయటికి వెళ్లమని గాని గార్డు చెబితే అక్కడ వాదనకు దిగకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసుకోండి. ఆ గార్డు ఏజెన్సీ మనిషి కాక నేరుగా మున్సిపాలిటీ జీతం తీసుకునే ఉద్యోగి అయితే అతను పబ్లిక్ సర్వెంట్ అవుతాడు. అప్పుడు అతని మీద చేయి చేసుకుంటే న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద నాన్‌బెయిలబుల్ కేసు మీ మీదే పడుతుంది. పబ్లిక్ సర్వెంట్ అయినంత మాత్రాన అతనికి మిమ్మల్ని గదిలో పెట్టే అధికారం రాదు, కాని తగాదాలో ముందు నష్టపోయేది మీరే.

బండి విషయం 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కిందికి వస్తుంది. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, వారందరికీ వ్యాపార సర్టిఫికెట్లు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదని అందులోని 3వ సెక్షన్ చెబుతోంది. ఆ తర్వాత తొలగించవలసి వచ్చినా 18వ సెక్షన్ కింద 30 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు ముగిసినా ఖాళీ చేయకపోతేనే 19వ సెక్షన్ కింద సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు కూడా జాబితా రాసి, ఆ అధికారం ఉన్న వ్యక్తి సంతకంతో ఒక ప్రతిని వ్యాపారి చేతికి ఇవ్వాలి. నిర్ణీత రుసుము చెల్లించి అడిగితే, పళ్లలాంటి పాడైపోయే సరుకును అడిగిన రోజే, కాటా వంటి వాటిని రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. మీ అమ్మగారి విషయంలో జాబితా లేదు, సంతకం లేదు. చట్టం చెప్పిన పద్ధతి ఏదీ పాటించినట్టు కనబడదు. అయితే మీ పట్టణంలో సర్వే జరిగి అందులో ఆవిడ పేరు లేకపోతే మాత్రం మీ వాదన బలం తగ్గుతుంది. ముందు ఆ సంగతి తెలుసుకోండి.

వచ్చిన నలుగురికి ఆ రోజు ఆ పని అప్పగించిన ఉత్తర్వు ప్రతినీ, వారి హోదాలనూ, గార్డును పెట్టిన ఏజెన్సీ లైసెన్సు వివరాలనూ సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి. నిర్బంధం గురించి పోలీసులకు ఫిర్యాదు చేయండి. వారు నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి పంపవచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను ఏజెన్సీ తరఫున ఒక పురపాలక కార్యాలయంలో గార్డుగా పనిచేస్తున్నాను. ఆక్రమణల తొలగింపుకు మమ్మల్ని కూడా పంపుతున్నారు. పైవాళ్లు చెప్పినట్టు చేశానంటే నా మీద కేసు రాదు కదా?
— ఒక సెక్యూరిటీ గార్డు

జవాబు: రావచ్చు. చట్టం ప్రకారం చేయక తప్పదని సద్భావంతో నమ్మి చేసిన పనికి న్యాయ సంహిత 14వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. కాని ఆ నమ్మకం వాస్తవాల విషయంలో జరిగిన పొరపాటు వల్ల కలిగి ఉండాలి, చట్టం తెలియకపోవడం వల్ల కాదు. ఒకరి బండి తిరగేయమని ఎవరో నోటిమాటగా చెబితే మీరు తిరగేశారనుకోండి, రేపు ఆ మాట చెప్పినట్టు ఒప్పుకునేవారు ఉండరు, వీడియోలో కనబడేది మీ ముఖమే. ఆఫీసుకు, అందులోని ఆస్తికి కాపలా కాయడం, లోపలికి వచ్చేవారిని గమనించడం, దాడి జరిగితే అవసరమైనంత మేరకే అడ్డుకోవడం, వెంటనే పోలీసులకు తెలపడం మీ విధి. సరుకు స్వాధీనం, కట్టడాల కూల్చివేత మీ పని కాదు. తప్పనిసరిగా వెళ్లవలసి వస్తే లిఖిత ఉత్తర్వు అడగండి, ఫొటో గుర్తింపు కార్డు కనబడేలా పెట్టుకోండి, వస్తువుల మీద చేయి వేయకండి.

చట్టంలో రాత లేని అధికారం ఎంత బలహీనమైనదో హైదరాబాద్‌లో చూశాం. చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించడానికి 2024 జూలైలో జీవోతో ఏర్పడిన హైడ్రా, కమిషనర్ స్థాయి అధికారితో, పెద్ద యంత్రాంగంతో పనిచేస్తున్నప్పటికీ, దాని చట్టబద్ధత మీద హైకోర్టులో ప్రశ్నలు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, జీహెచ్‌ఎంసీ చట్టంలో 374-బి సెక్షన్ చేర్చవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థకే సెక్షన్ కావలసి వస్తే, మీ చేతిలోని లాఠీకి అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రశ్న: మున్సిపల్ ఆఫీసు గేటు దగ్గర నా చేతిసంచి వెతుకుతామంటున్నారు. ఒప్పుకోవాలా?
— ఒక గృహిణి

జవాబు: ఒప్పుకోవలసిన బాధ్యత మీకు లేదు, ఒప్పుకోకపోతే లోపలికి రానివ్వబోమని అనే వీలు వారికి ఉంది. బలవంతంగా సంచి లాక్కోవడం, ఒంటి మీద చేతులు వేసి తడమడం మాత్రం గార్డు చేయరాదు. మహిళా సిబ్బందిని పిలవమని అడగండి. వారు లేరంటే దరఖాస్తును రిజిస్టర్డ్ పోస్టులో పంపడమే సులభం. అందినట్టు రుజువు కూడా మీ చేతిలో ఉంటుంది.