ఎంజీబీ హీటర్: బాక్స్ విప్పే ముందు గొట్టాలు పట్టుకుని చూడండి

మీ 1972 ఎంజీబీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఇంజిన్ వేడెక్కినా గోరువెచ్చని గాలే వస్తోంది, హీటర్ బాక్స్ విప్పాలా అని అడిగారు. అప్పుడే వద్దండీ, దాన్ని బయటికి తీయడం పెద్ద చాకిరీ.

అరగంట నడిపినా టెంపరేచర్ ముల్లు మధ్యకు రాకపోతే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే రేడియేటర్‌కి నీళ్లు వదిలే వాల్వ్) తెరుచుకునే ఉండిపోయిందేమో చూడండి. ఎవరో 74 డిగ్రీలకే తెరుచుకునేది బిగించి ఉండొచ్చు కూడా. చలికాలానికి 88 డిగ్రీలది మేలు.

ముల్లు బాగానే ఉంటే నాబ్ పూర్తి వేడికి తిప్పి, హీటర్‌కి వెళ్లే రెండు గొట్టాలనూ జాగ్రత్తగా తాకండి. రెండూ చల్లగా ఉంటే అనుమానం సిలిండర్ హెడ్ (ఇంజిన్ పైభాగం) వెనక ఉన్న, హీటర్‌కి వేడి నీళ్లు వదిలే వాల్వ్ మీదే. నా కారులో అక్కడ కేబుల్ బిగించే స్క్రూ వదులైంది; నాబ్ ఎంత తిప్పినా లివర్ సగమే కదిలేది. వేలితో చివరిదాకా నెట్టాను, రెండు నిమిషాల్లో గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది!

ఒకటి వేడిగా, ఇంకొకటి చల్లగా ఉంటే హీటర్ కోర్‌లో, అంటే వేడి నీళ్లు తిరిగే చిన్న రేడియేటర్‌లో, తుప్పు మడ్డి పేరుకున్నట్టే. ఇంజిన్ చల్లారాక గొట్టాలు ఊడదీసి, నీళ్లు ఎదురు దిశలో మెల్లగా పంపండి. పాత రాగి కోర్ ఎక్కువ ప్రెషర్ తట్టుకోదు. కారిన కూలంట్ పిల్లులకూ కుక్కలకూ విషం, వెంటనే కడిగేయండి.

రెండూ వేడిగానే ఉన్నాయంటే నీళ్ల తప్పు కాదు, గాలి కోర్ గుండా కాకుండా పక్కల నుంచి జారిపోతోంది; దాన్ని ఆపే ఫోమ్ సీళ్లు పొడిగా రాలిపోయి ఉంటే మార్చండి. ఏ గొట్టం ఎలా ఉందో చెప్పండి, తర్వాతి సంగతి చూద్దాం.