రూపకాలతో, అంటే ఒకదాన్ని ఇంకొకదానిలా చెప్పే మాటలతో, మాట్లాడేటప్పుడు చేతులు కూడా ఆ రూపకాన్నే చూపిస్తాయా, లేక అదంతా ఉట్టి అలవాటా?

చూపిస్తాయి. ఒక్కోసారి నోరు చెప్పనిది కూడా చూపిస్తాయి. నా పని ఇంటర్వ్యూ వీడియోలు ఎడిట్ చేయడం. పొద్దస్తమానం జనం మాట్లాడుతుంటే చూస్తూ ఉంటాను కాబట్టి, నా కంటపడినవి చెబుతాను.

ఒకాయన పాత తగాదా ప్రస్తావన రాగానే "అది పక్కన పెట్టండి" అంటూ ఎడమచేత్తో గాలిలో దేన్నో పక్కకి నెట్టారు. అంతవరకూ మామూలే. కాసేపు వేరే సంగతులు మాట్లాడి, మళ్లీ "ఆ తగాదా ఉంది చూశారూ..." అనబోయేసరికి చెయ్యి సరిగ్గా ఆ ఎడమవైపుకే పోయింది, ఇందాక అక్కడ పెట్టినదాన్ని అందుకోబోతున్నట్టు! "పక్కన పెట్టడం" బాగా అరిగిపోయిన మాట, అందులో రూపకం ఉందని ఎవరికీ తట్టదు. కానీ ఆ తగాదాకి ఆయన తనకి ఎడమపక్కన ఒక చోటు ఇచ్చేశారు.

ఇంకొకావిడ "చాలా ఆలోచించాకే ఒప్పుకున్నాను" అన్నారు. మాటలో ఏ అలంకారమూ లేదు. చేతులు మాత్రం, అరచేతులు పైకి తిరిగి, త్రాసు తట్టల్లా ఒకటి లేస్తే ఒకటి దిగుతున్నాయి. ఆడియో ఒక్కటే విన్నవాళ్లకి ఆ తూకం తెలియనే తెలియదు.

చేతి సైగల మీద పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌నీల్ 1992లో వచ్చిన తన పుస్తకంలో ఇలాంటివాటిని ప్రత్యేకంగా ఒక రకం కింద పెట్టారు. వస్తువు ఆకారం చూపేవి, వేలెత్తి చూపేవి, మాట లయకి ఊగేవి వేరు. చెయ్యీ మాటా ఒకే ఆలోచనలోంచి కలిసి పుడతాయన్నది ఆయన వాదన. నా పనిలో అది రోజూ ఎదురవుతుంది: సరిగ్గా మాట మొదలైనచోట కట్ చేస్తే చెయ్యి అప్పటికే గాలిలో ఉంటుంది, ఎబ్బెట్టుగా. కొన్ని ఫ్రేములు వెనక్కి జరపాల్సిందే.

ఎదుటివాళ్లకి చూపించడానికే చేతులు ఆడిస్తామా అంటే, అదీ కాదు. పుట్టుకతో చూపులేనివాళ్లు, తమలాగే చూపులేనివాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా చేతులు కదుపుతారని ఐవర్సన్, గోల్డిన్-మెడో అనే పరిశోధకులు 1998లో చూపించారు.

అన్ని భాషలవాళ్ల చేతులూ ఒకేవైపు పోవు. దక్షిణ అమెరికాలో, ఆండీస్ కొండల్లోని ఐమారా భాషలో గతం కళ్లముందు ఉంటుంది, రాబోయేది వీపు వెనక. అక్కడి పెద్దవాళ్లు భవిష్యత్తు గురించి చెబుతూ భుజం మీదుగా వెనక్కి చూపిస్తారని న్యూనెజ్, స్వీట్సర్ అనే పరిశోధకులు 2006లో రాశారు. స్పానిష్ బాగా వచ్చిన కుర్రవాళ్లు మాత్రం ముందుకే చూపిస్తారట.

అలాగని ప్రతి ఊపుకీ అర్థం లాగకండి, చాలాసార్లు అవి మాటకి తాళం వేయడమే. చెయ్యి చూసి మనిషి నిజాయితీ చెప్పేస్తామనేవాళ్లని నేనైతే నమ్మను.

మీరే చూడాలనుకుంటే ఏదైనా ఇంటర్వ్యూ మొదట శబ్దం ఆపేసి చూడండి, తర్వాత వింటూ చూడండి. రాసుకొచ్చి చదివే ప్రసంగాల జోలికి పోకండి, వాటిలో పెద్దగా దొరకవు. తడుముకుంటూ, సర్దుకుంటూ చెప్పేవాళ్ల దగ్గర దండిగా దొరుకుతాయి.